నాచు పక్కన పేరు

బుజ్జీ,

విశాఖ తెన్నేటి పార్కు కింద సముద్రపు రాళ్ల మీద నాచు ఏరి సయనోటైప్‌లు, అదే, మందు పూసిన కాగితం మీద ఎండతో పడే నీలం బొమ్మలు, వేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో అంత టెన్షన్ పట్టుకుంది. పాటు మొదలయ్యాకే దిగు, పోటు తిరగకముందే పైకి వచ్చెయ్. ఒక్కదానివే వెళ్లకు.

కాగితానికి పూత మసక వెలుతుర్లోనే పుయ్యి. తడి నాచు దాని మీద పెట్టకు. ఎండ తగిలాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు.

పేర్ల సంగతే నా భయం. ఎమ్మెస్సీలో ఉండగా ఒక వేసవంతా తెల్లవారుజామున లేచి నాచు ఏరాను. ఎర్రనాచు పట్టుపోగులా ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి తేలనిచ్చి, అడుగు నుంచి కాగితం జొనిపి, కుంచెతో ఒక్కో కొమ్మా విడదీసేదాన్ని. దాని జిగురుతో అదే అతుక్కునేది. పేరు, తేదీ, ఏ రాయి దగ్గర దొరికిందీ చీటీ మీద రాసి పైన ఊరికే పెట్టాను, రేపు అంటిద్దాంలే అని. రాత్రి పోయిన కరెంటు వచ్చేసరికి ఫ్యాను తిరిగింది. పొద్దున చూస్తే చీటీలన్నీ మంచం కింద. గుర్తున్నంతవరకు సర్దాను, మిగతావి ఊహించాను. ఊహించానని మా మేడం ఇట్టే పట్టేశారు. ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. అందంగానే ఉంటాయి తల్లీ, ఏదేమిటో మాత్రం చెప్పలేను.

అందుకే ఆనా అట్కిన్స్ అనే ఆ ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞురాలంటే నాకంత గౌరవం. హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లో ఈ సయనోటైప్ పద్ధతి కనిపెడితే, మరుసటి ఏడే ఆవిడ బ్రిటన్ నాచు మొక్కల పుస్తకం మొదలుపెట్టి 1853 దాకా వేసింది. అంతకుముందు 1841లో హార్వే రాసిన నాచుల పుస్తకంలో బొమ్మల్లేవు. ఆవిడ లాటిన్ పేరు రాసిన చీటీని కూడా మొక్క పక్కనే పెట్టి ఎండ చూపించింది. మొక్కా పేరూ ఒకే నీలంలో తెల్లగా పడ్డాయి. ఏ ఫ్యానూ విడదీయలేదు.

నీకు ప్రతీకలంటే ఇష్టం కదా. లాటిన్ కవులకు విలువలేనిదానికి గుర్తు నాచే. ఆవిడ కాలపు ఇంగ్లీషు ఆడవాళ్లకు అది సముద్రపు పువ్వు, ఆల్బమ్‌లలో అంటించుకునేవాళ్లు. నాకు మాత్రం వేరు లేకుండా రాయిని పట్టుకుని అలల్ని ఓర్చుకునే దాని పాదమే ముద్దు. దాన్ని తెంపకుండా తియ్యి, బొమ్మలో కనిపించాలి.

ఇంకొకటి. ప్రతి మొక్క పేరూ రాసిన అట్కిన్స్ తన పేరు దగ్గర "A.A." అని రెండు పొడి అక్షరాలు పెట్టి ఊరుకుంది. అది ఎవరో అనామకుల పని అనుకున్నవాళ్లూ ఉన్నారు. నువ్వు పూర్తి పేరు రాయి, ఇంటిపేరుతో సహా. మొదటి ప్రింటు నాకు పంపు.

పెద్దమ్మ