పెరటి ఈతకొలనుకి ఏ ఆకారం?

ప్రశ్న: మాది పోరంకి. ఇంటి వెనక ప్రహరీ దాకా 38 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. మా ఆవిడకి జీడిపప్పు ఆకారం కొలను నచ్చింది. మేస్త్రి ఏమో ‘ఎల్’ ఆకారమైతే పిల్లలకి విడిగా చోటొస్తుందంటున్నాడు. ఏది మేలు?

జవాబు: మీ స్థలానికి రెండూ వద్దు, దీర్ఘచతురస్రమే సరిపోతుంది. ముందు ప్రహరీ సంగతి చూసుకోండి. గొయ్యి అయిదడుగులు తవ్వాలి. ప్రహరీ పునాది అంత లోతు ఉండదు కాబట్టి దగ్గరగా తవ్వితే దాని కింది మట్టి జారి గోడ గొయ్యిలోకి వాలుతుంది. ఎంత లోతు తవ్వుతారో అంత దూరం, సెంట్రింగ్ పనికి ఇంకో అడుగు వదలాలి. మూడు వైపులా ఆరేసి అడుగులు, ఇంటి వైపు ఏడడుగులు వదిలితే మిగిలేది 26 × 13. గోడల మందం, పూత, టైలు పోను లోపల 24 × 12, అంటే 288 చదరపు అడుగులు.

అదే 24 అడుగుల పొడవులో జీడిపప్పు గీసి, ఒక చివర 12, రెండో చివర 9 అడుగుల వెడల్పు పెట్టినా 227 దగ్గర ఆగుతుంది. అయిదో వంతు నీళ్లు పోయాయి, ఖర్చు మాత్రం ఆ లెక్కన తగ్గదు. వంపు గోడకి సెంట్రింగ్ ప్రత్యేకంగా చేయించాలి. పెద్ద టైలు వంపులో కూర్చోదు, 20 మిల్లీమీటర్ల గాజు మొజాయిక్ వాడాల్సిందే. పైన కప్పే కవరు కూడా కొలతలిచ్చి చేయించుకోవాలి. మన ఎండల్లో కవరు అనవసరపు సోకు కాదు. రోజుకి పావు అంగుళం ఆవిరైనా 288 చదరపు అడుగుల మీద 170 లీటర్లు పోతాయి.

ఇక ‘ఎల్’. లోపలికి పొడుచుకొచ్చే ఆ ఒక్క మూలే తంటా. బీట మొదలయ్యేది అక్కడే కాబట్టి మూలకి అడ్డంగా ఏటవాలు కడ్డీలు అదనంగా కట్టాలి. పొట్టి భాగంలోకి నీళ్లు సరిగా తిరగవు. అక్కడ విడిగా నీళ్లొచ్చే ఇన్‌లెట్ పెట్టకపోతే కొన్నాళ్లకే గోడ అడుగున పచ్చగా, వేలికి జారే పాచి పడుతుంది. పిల్లల కోసమే అయితే దీర్ఘచతురస్రంలోనే ఒక చివర అయిదడుగుల మేర, 15 అంగుళాల లోతులో వెడల్పాటి మెట్టు కట్టించండి.

నేల మీద ముగ్గు పోయించాక తాడుతో కర్ణాలు కొలవండి. 24 × 12కి రెండూ 26 అడుగుల 10 అంగుళాలు రావాలి. తేడా వస్తే మూలలు మూలమట్టానికి లేనట్టే. ఆ తప్పు టైల్స్ వేసేటప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అప్పుడు సరిచేయడం కుదరదు.

ప్రశ్న: మాది యనమలకుదురు. 24 × 12 కొలనులో ఒక చివర ఎనిమిదడుగుల లోతు పెట్టుకోవచ్చా?

జవాబు: కృష్ణ, బందరు కాలువ అంత దగ్గర పెట్టుకుని అంత లోతుకి పోకండి. భూమిలోని నీళ్లు ఖాళీ కొలనుని కింది నుంచి పైకి ఎత్తుతాయి. గోడలతో కలిపి 25 × 13 ఉండే కొలను అట్టడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఊటనీళ్లు చేరితే పైకి నెట్టే బలం 27 టన్నులు దాటుతుంది. గోడలు, కింది స్లాబు రెండూ అరడుగు మందం ఉండే నాలుగడుగుల లోతు కొలను బరువు సుమారు 22 టన్నులే. నిండుగా ఉన్నంత కాలం ఏమీ కాదు, కడగడానికి ఖాళీ చేసిన రోజే లేచి పగులుతుంది.

లోతు మూడున్నర నుంచి నాలుగున్నర అడుగుల మధ్య ఉంచి, అంచు నేలకి అడుగున్నర ఎత్తున కట్టండి. తవ్వకం తగ్గుతుంది, వాననీళ్లు లోపలికి రావు. అయితే ఇంత లోతు తక్కువ కొలనులో తలకిందులుగా దూకడం నిషేధం అని ఇంట్లో అందరికీ చెప్పండి. అడుగున నీళ్లు లాగే డ్రెయిన్లు రెండు, కనీసం మూడడుగుల ఎడంతో ఉండాలి. ఒక్కటే ఉంటే మూత విరిగినప్పుడు పిల్లల జుట్టో చెయ్యో అందులో పట్టేస్తుంది. డ్రెయిన్ గుంటలో హైడ్రోస్టాటిక్ వాల్వు పెట్టించండి, ఊట ఒత్తిడి పెరిగితే ఆ నీళ్లని లోపలికి వదిలేస్తుంది. అది ఉంది కదా అని వానాకాలంలో కొలను ఖాళీ చేయకండి.

ప్రశ్న: గుంటూరులో మాది నల్లరేగడి నేల. గుండ్రటి కొలనుకి బలం ఎక్కువ కాబట్టి ఇటుకతో కట్టినా చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. గుండ్రటి గోడ బయటి మట్టి నెట్టుడుకి బాగా ఆగుతుంది. లోపలి నీళ్లు నెట్టినప్పుడు మాత్రం గోడ చుట్టూ సాగుతుంది, ఇటుక ఆ సాగుడుకి తట్టుకోలేదు. పైగా వేసవిలో రేగడి ఎండి గోడకీ మట్టికీ మధ్య సందు పడుతుంది, బయటి దన్ను పోతుంది. కాబట్టి ఏ ఆకారమైనా కాంక్రీటే, గుండ్రానికి చుట్టు కడ్డీలు తప్పవు.

అడుగున రెండు మూడడుగుల రేగడి తీసేసి గ్రావెల్‌ని అరడుగు పొరలుగా తడిపి దిమ్మిస చేయించండి. గోడల చుట్టూ తవ్విన నల్లమట్టి మళ్లీ పూడ్చనివ్వొద్దు. గ్రావెల్ పోస్తే అందులో వాననీళ్లు నిలుస్తాయి కాబట్టి పైన నాలుగడుగుల వెడల్పు కాంక్రీటు చప్టా బయటికి వాలుగా వేయించండి.

16 అడుగుల వ్యాసానికి చుట్టు గోడ 50 అడుగులే. దాదాపు అంతే వైశాల్యమున్న 20 × 10కి 60 అడుగులు కావాలి. గోడ కలిసొస్తుంది గానీ పెద్దవాళ్లు రెండు బారలు వేసేసరికి అవతలి గోడ తగులుతుంది. ఈత కోసమైతే వద్దు, పిల్లల ఆటకైతే హాయిగా కట్టుకోండి.

ప్రశ్న: వాస్తు ప్రకారం కొలను ఈశాన్యంలోనే ఉండాలంటున్నారు. అక్కడ మాకు పెద్ద వేపచెట్టుంది. కొట్టించాలా?

జవాబు: కొట్టించకండి. వాస్తు చూసేవాళ్లలో చాలామంది ఉత్తరానికో తూర్పుకో జరిపినా ఒప్పుకుంటారు, అడగండి. కొమ్మల నీడ అంచు దాటాకే గొయ్యి తీయించండి, వేళ్లకి కూడా దెబ్బ తగ్గుతుంది. ముగ్గు పోశాక రాలిన ఆకు గాలికి ఏ గీత దగ్గర పోగవుతోందో నాలుగు రోజులు గమనించి, ఆకు చేరే గోడకి నీళ్ల మీద తేలే చెత్తని లాగే స్కిమ్మర్, ఎదుటి గోడకి ఇన్‌లెట్లు పెట్టించండి. ఆకు రాలే కాలంలో స్కిమ్మర్ బుట్ట పొద్దునా సాయంత్రం దులపకపోతే పంపుకి నీళ్లందవు.