వేలు పడని వాళ్ళని వెనక్కి పంపకు

కాశీబుగ్గ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. మందస వైపు పోస్టింగు రావడం ఇంకా మంచిదైంది. ఆ ఊళ్ళూ ఆ జనమూ నాకు బాగా తెలుసు. పోస్టాఫీసు కౌంటరు వెనక నా ఉద్యోగమంతా వాళ్ళతోనే గడిచింది. మొన్న ఫోన్లో నువ్వు, "రోజంతా సర్వరు, ఓటీపీ, థంబు, ఇదే గోల మావయ్యా, జనం నా మీదే అరుస్తున్నారు" అన్నావు. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీదైతే టేబులు సొరుగులో ఉంటుంది.

వేలిముద్ర మిషను ఎర్ర గుర్తు చూపించినంత మాత్రాన ఎదురుగా ఉన్న మనిషికి రావలసింది రాకుండా పోదు. ఇది నువ్వు ముందుగా గట్టిగా నమ్మాలి. నువ్వు నమ్మితేనే ఆ ముసలాళ్ళకి ధైర్యంగా చెప్పగలవు.

పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది. ఆ పప్పు తీసే ఆడవాళ్ళ చేతులు నువ్వు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? జీడిపిక్క తొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదమో బూడిదో రాసుకుని పనికి కూర్చుంటారు. అయినా బొటనవేలు, చూపుడువేలు చివర్లు నల్లబడి, పొరలు లేచి, గీతలన్నవి కనబడకుండా పోతాయి. పిక్క పట్టుకోవాల్సింది ఆ రెండు వేళ్ళతోనే. మీ మిషను దగ్గర అందరూ ముందుగా పెట్టేదీ ఆ రెండు వేళ్ళే. ఇక్కడ కాశీబుగ్గలోనే ఒకావిడ బొటనవేలు చెంగుకి తుడిచి, ఊది, అద్దం మీద పెట్టి, మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టి, చివరికి పక్కనున్న నా వైపు తిరిగి, "నాను బతికే ఉన్నాను కదేటి బాబూ, ఈ మిసనికి ఏటి సెప్పమంతారు?" అంది. వేలు పడకపోతే పేరు కొట్టేస్తారేమోనని ఆవిడ భయం. కౌంటరులో కుర్రాడు తల ఎత్తకుండా "పడలేదు, రేపు రా" అన్నాడు. ఆ "రేపు" అంటే ఆవిడకి ఇంకో రోజు కూలి పోయినట్టు. ఆ లెక్క కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. నీకు నేను చెబుతున్నాను.

మిషను చూసేది వేలి మీది గీతల్ని. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, ఇదే దానికి కావాలి. గీతలు అరిగినా, వేలు బాగా పొడిబారినా, నూనె జిడ్డు పట్టినా దానికి ఏమీ కనబడదు. అందుకని నీ టేబులు పక్కన ఒక చెంబు నీళ్ళు, సబ్బు ముక్క, మెత్తటి గుడ్డ పెట్టుకో. చెయ్యి కడుక్కుని తుడుచుకోమను. చలికాలంలో వేలు మరీ ఎండిపోయి ఉంటే తడిగుడ్డ మీద ఒకసారి అద్దించు. మిషను అద్దాన్ని మనిషికీ మనిషికీ మధ్య తుడువు, ముందు వేలి జిడ్డు తర్వాతి వాళ్ళకి అడ్డం. కిటికీ ఎండ సూటిగా ఆ అద్దం మీద పడకుండా టేబులు జరుపు. గట్టిగా అదిమి పెడితే గీతలు నలిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మెత్తగా ఆనించమను. పడలేదని కంగారులో ఇంకా గట్టిగా నొక్కుతారు, అప్పుడు అసలే పడదు.

ఇంకొకటి. ఆధార్ తీసినప్పుడు పది వేళ్ళూ తీశారు, రెండు కళ్ళూ తీశారు, ముఖం ఫొటో కూడా ఉంది. జీడి పని చేసేవాళ్ళకి చిటికెన వేలు, ఉంగరపు వేలు కాస్త మిగిలి ఉంటాయి, ముఖ్యంగా ఎడమ చేతివి. ఎవరికి ఏ వేలు బాగా పడుతుందో కనిపెట్టే సదుపాయం కూడా ఆధార్‌లోనే ఉంది, బెస్ట్ ఫింగర్ డిటెక్షన్ అంటారు. ఒకసారి కనుక్కుని ఆ మనిషి పేరు పక్కన నీ నోటుబుక్కులో రాసుకో: ఫలానా ఆవిడ, ఎడమ ఉంగరపు వేలు. వచ్చే నెల ఆవిడ గుమ్మంలోకి వస్తూనే నువ్వు ఆ వేలే పెట్టమంటే ఎంత తేలికో చూడు.

వేళ్ళేవీ పడకపోతే కన్ను. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకి అదీ ఒక్కోసారి మొండికేస్తుంది. ముఖంతో గుర్తుపట్టే సదుపాయం ఉన్నచోట వెలుతురు మనిషి ముఖం మీద పడేలా కూర్చోబెట్టు, గుమ్మం వీపు వెనక ఉంటే ముఖం నల్లగా వస్తుంది. నాలాంటి రిటైరైనవాళ్ళం ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కి ఇలాగే తంటాలు పడేవాళ్ళం. 2021 నవంబరులో జీవన్ ప్రమాణ్‌కి, అంటే ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతికి, ముఖం చూపిస్తే చాలన్న పద్ధతి వచ్చాక మా తోటివాళ్ళు చాలామందికి ఊపిరి అందింది. మంచం దిగలేనివాళ్ళకి అది ఎంత మేలు చేసిందో నేను కళ్ళారా చూశాను, అందుకే కొత్త మిషన్లంటే నాకు కోపం లేదు.

ఇవన్నీ చేసినా పడలేదనుకో. అక్కడే అసలు సంగతి ఉంది. 2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకి రావలసినవి ఆపకూడదని, ఐరిస్‌తో (అంటే కంటితో) గానీ ఓటీపీతో గానీ ప్రయత్నించాలని, అవేవీ కుదరకపోతే కార్డు సరిచూసి, రిజిస్టరులో రాసి, ఇవ్వవలసింది ఇవ్వాలని దాని సారాంశం. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనూ ఈ విషయం చర్చకి వచ్చింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి నీ టేబులు అద్దం కింద పెట్టుకో. మీ పై ఆఫీసులో ఒక్కో పథకానికి ఈ మినహాయింపు ఎవరి సంతకంతో జరగాలో అడిగి రాయించుకో. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోవాలి. కొత్తగా చేరినప్పుడే అడగాలి ఇలాంటివి, ఏడాది పోయాక అడిగితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు.

"సర్వరు డౌను" అనే మాట ఊరికే వాడకు. నిజంగా డౌన్ అయితే టైము రాసి గోడకి అంటించు. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పు, వీలైతే వచ్చాక ఫోన్ చేస్తానని నంబరు తీసుకో. చెప్పిన టైముకి పని కాకపోతే నువ్వే ముందు ఫోన్ చెయ్యి. అరిచేవాళ్ళలో సగంమంది ఎండలో నడిచి వచ్చి ఖాళీ చేతుల్తో తిరిగి వెళ్ళాల్సి వచ్చినందుకే అరుస్తారు తల్లీ.

ఇప్పుడు ఓటీపీ సంగతి. దీని మీద నాకు చాలా బెంగగా ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

మన జిల్లాలో ఇంటికొకడు వలస. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో బిల్డింగు పనిలో ఉంటాడు. ఇక్కడ తల్లి నీ ముందు కూర్చుంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది. వాడు పరంజా మీద నుంచి ఒక చేత్తో ఫోన్ తీసి ఆరు అంకెలూ చదవాలి, ఈలోపు టైము అయిపోతుంది, మళ్ళీ పంపు, మళ్ళీ చదువు. ఇది నీకు రోజూ అనుభవమే. దీనికి మందు ఒకటే, తల్లి దగ్గర చిన్న ఫోనైనా ఉంటే ఆ నంబరునే ఆధార్‌కి మార్పించడం. దానికి ఆధార్ సెంటరుకి వెళితే ఒక పూట పోతుంది, కానీ ఒక్కసారితో తీరిపోతుంది.

నా బెంగ వేరే. కౌంటర్లలో కూర్చునే మనమందరం కలిసి ఈ ముసలాళ్ళకి ఓటీపీ పైకి చదివి చెప్పడం అలవాటు చేశాం. రేషను, పింఛను, బ్యాంకు, గ్యాసు, ఎక్కడికెళ్ళినా "నంబరొచ్చిందా, చెప్పు" అంటారు. వాళ్ళూ చెబుతారు. రేపు దొంగ ఫోన్ చేసి అదే గొంతుతో, "సచివాలయం నుంచి మాట్లాడుతున్నాం, పింఛను ఆగిపోయింది, నంబరు చెప్పమ్మా" అంటే ఎందుకు చెప్పరు? మా వీధిలో ఒక ముసలాయన కొబ్బరి అమ్మిన డబ్బు అలాగే పోయింది. కొడుకు ఫోన్ చేసి తిడితే ఆయన, "ఆఫీసోళ్ళు అడిగితే సెప్పాల కదా" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది చెప్పు.

అందుకని నీ కౌంటరులో పద్ధతి మార్చు. మెసేజి మొత్తం చదివి, అది దేనికి వచ్చిందో తెలుగులో చెప్పాకే అంకెలు అడుగు. టైపు చేయగలిగినవాళ్ళ చేత వాళ్ళ వేలితోనే టైపు చేయించు. "నా ఎదురుగా కూర్చున్నప్పుడు తప్ప, ఫోన్లో నేను అడిగినా సరే, ఈ నంబరు చెప్పకు" అని ప్రతి ఒక్కరికీ ప్రతిసారీ చెప్పు. విసుగు పుట్టినా చెప్పు. యూపీఐ వాడే కుర్రకారుకి ఇంకో మాట: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతోందనే. ఎవరికైనా మోసం జరిగితే ముందు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించు, ఆ తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే ఏడుపు. దొంగ ఆ డబ్బుని ఇంకో ఖాతాకి తోసేలోపు ఆపాలి, అందుకే గంటలు లెక్క. తన తప్పేమీ లేకుండా బయటివాళ్ళు డబ్బు లాగేస్తే, మెసేజి వచ్చిన మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్పినవాళ్ళకి నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. ఓటీపీ తనే చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది తన మీదే పడుతుంది. సిగ్గుపడి దాచుకున్న ప్రతి గంటా నష్టమే, అది వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పు.

వేలు పెట్టి డబ్బు తీసే చోట కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది. మా రోజుల్లో మనియార్డరు ఫారం మీద నిశానీ వేయిస్తే పక్కన సాక్షి సంతకం ఉండేది, నోట్లు ఇద్దరి ముందూ లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ సాక్షి లేడు. "పడలేదు, మళ్ళీ పెట్టు" అని ఎన్నిసార్లు పెట్టించినా, ఎన్నిసార్లు డబ్బు తీశారో పెట్టినవాళ్ళకి తెలియదు. నువ్వు నిజాయితీగా ఉంటావని నాకు తెలుసు, అయినా ప్రతిసారీ వేలు పెట్టించేముందు ఎందుకో, ఎంతకో పైకి చెప్పు. ఫెయిల్ అయినా స్లిప్పు ఇవ్వు. ఖాతాలో తగ్గి చేతికి డబ్బు రాకపోతే ఆ స్లిప్పే ఆధారం. అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం కట్టాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఇది తెలిసినవాళ్ళు మన ఊళ్ళలో చాలా తక్కువ.

పథకం డబ్బు "పడలేదు" అని వచ్చేవాళ్ళలో చాలామందికి అది వేరే ఖాతాలో పడి ఉంటుంది. ఆధార్ చివరగా ఏ బ్యాంకుకి ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థలో) లింకయిందో డబ్బు ఆ ఖాతాకే పోతుంది. మరిచిపోయిన పాస్‌బుక్కులన్నీ తెమ్మను. పుట్టినతేదీ మార్చాలని వస్తే మాత్రం తొందరపడనివ్వకు. ఆధార్‌లో అది మామూలుగా ఒక్కసారే మారుస్తారు, కాగితాలన్నీ చూసుకున్నాకే వెళ్ళమను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చదువుకుంటున్నావు. మన ఉద్దానం పల్లెల్లో కొబ్బరీ జీడీ నేలకూలాయి, కరెంటు లేదు, టవర్లు లేవు, జనరేటరు ఉన్నచోట ఫోన్లు చార్జింగుకి పెట్టుకోవడానికి జనం నిలబడ్డారు. అలాంటి రోజు మళ్ళీ వస్తే నీ కంప్యూటరు తెరుచుకోదు. మీ పరిధిలో మంచం మీదున్నవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఒంటరి ముసలాళ్ళు ఎవరెవరో, ఏ వీధిలో ఉంటారో కాగితం మీద రాసి బీరువాలో తాళం వేసి పెట్టు. అక్టోబరు రాకముందే ఏటా ఆ పేర్లు సరిచూసుకో.

జీడి పని ఆగి కొన్ని వారాలు చేతులకి విశ్రాంతి దొరికితే చాలామందికి వేళ్ళ మీద గీతలు తిరిగి తేలతాయి. లోపలి చర్మం చెడనంతవరకూ అవి పాతవాటిలాగే వస్తాయి. అప్పుడు తీసుకెళ్ళి వేళ్ళూ కళ్ళూ మళ్ళీ నమోదు చేయిస్తే, మళ్ళీ పనిలోకి దిగాక వేళ్ళు పోయినా కళ్ళయినా పనికొస్తాయి. మీ ఊళ్ళో అలాంటి ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో పేర్లు రాయి. పలాసలో ఆధార్ సెంటరు ఏ రోజుల్లో ఖాళీగా ఉంటుందో నేను కనుక్కుంటాను. ఆటోలకయ్యే ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను, అత్తతో కూడా చెప్పాను. పేర్ల కాగితం ఈ ఆదివారం మీ నాన్న సంతకొస్తే ఆయన చేత పంపించు.

ఇట్లు,
మీ మావయ్య