పేరున్న స్కూలా, రెండేళ్లలో పూర్తయ్యే స్కూలా?

ప్రశ్న: నేను తెలంగాణలో బీడీఎస్ చేసి, రెండేళ్లు ఒక క్లినిక్‌లో పనిచేశాను. పెళ్లయ్యాక హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద అమెరికా వచ్చాను. ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. పాపకు నాలుగేళ్లు. మూడేళ్లు ప్రయత్నించాక ఈసారి రెండు డెంటల్ స్కూళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాముల్లో (బయటి దేశాల డెంటిస్టులు ఇక్కడి డిగ్రీ తెచ్చుకునే కోర్సుల్లో) సీటు వచ్చింది. ఒకటి తూర్పు తీరంలో పెద్ద నగరంలోని పేరున్న ప్రైవేటు స్కూలు. అక్కడ మూడేళ్ల కోర్సు, ఉండటం తినడంతో సహా 3,90,000 డాలర్లు అవుతుంది. ఇచ్చేది డీఎండీ డిగ్రీ. రెండోది మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊళ్లోని స్టేట్ యూనివర్సిటీ. రెండేళ్ల కోర్సు, 2,30,000 డాలర్లు, ఇచ్చేది డీడీఎస్ డిగ్రీ. మా దగ్గర 80,000 డాలర్లు ఉన్నాయి, మిగతాదంతా లోనే. హన్మకొండలో ఉన్న నాన్న మాత్రం పేరున్నది వదులుకోవద్దంటున్నారు. డిపాజిట్‌కు రెండు వారాలే టైముంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బెంచ్ టెస్టుల (చేతిపని పరీక్షల) కోసం ప్లాస్టిక్ పళ్లు అరగదీసి అరగదీసి, ఇంటర్వ్యూలకు ఊళ్లు తిరిగి, ఒక్క సీటూ రాక మళ్లీ క్యాపిడ్ (ఈ సీట్లకు దరఖాస్తులు తీసుకునే పోర్టల్) ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసే డాక్టర్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. మీ చేతిలో రెండు సీట్లున్నాయి. ఏది తీసుకున్నా మీకు అమెరికాలో ప్రాక్టీసుకు దారి దొరికినట్టే. ముందు ఈ రాత్రికి నిద్రపోండి.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. రెండేళ్ల స్టేట్ యూనివర్సిటీ తీసుకోండి. కాకపోతే డబ్బు కట్టే ముందు కొన్ని ఫోన్లు చేయాలి. అవతలి నుంచి వచ్చే జవాబుల్ని బట్టి నా మాట మారవచ్చు. వాటి సంగతి కింద చెబుతాను.

ముందు నాన్నగారి మాట. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేననను, ఆ ప్రైవేటు స్కూలు నిజంగానే మంచిదై ఉంటుంది. కానీ మన దగ్గర ప్రభుత్వ కాలేజీ సీటా, కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా అనే లెక్కతో మనిషికి వచ్చే పేరు వేరు, అక్కడి పద్ధతి వేరు. అమెరికాలో లైసెన్సు ఇచ్చే స్టేట్ బోర్డు చూసేది స్కూలుకు కోడా (డెంటల్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా లేదా అని. మీ రెండింటికీ ఉందో లేదో కోడా సొంత వెబ్‌సైట్‌లో ఒక్కసారి చూసుకోండి, అయిదు నిమిషాల పని. ఐఎన్‌బీడీఈ అనే జాతీయ లైసెన్సు పరీక్షలో మార్కులే ఉండవు, పాస్ లేదా ఫెయిల్. కాలేజీలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ కూడా డెంటల్ స్కూళ్లకు ర్యాంకులివ్వదు. ఇక డీడీఎస్, డీఎండీ రెండూ ఒకటే డిగ్రీ. 1840లో మొదలైన బాల్టిమోర్ కాలేజీ డీడీఎస్ అని పెట్టింది, 1867లో హార్వర్డ్ డెంటల్ స్కూలు పెట్టినప్పుడు తన డిగ్రీకి లాటిన్‌లో పేరు పెట్టుకుని డీఎండీ చేసింది. అంతకు మించి తేడా లేదు. పేషెంటు మీ కోటు మీది అక్షరాలు చదివి కుర్చీలో కూర్చోడు.

స్కూలు పేరు పనికొచ్చే సందర్భాలూ లేకపోలేదు. ఆర్థోడాంటిక్స్, ఓరల్ సర్జరీ లాంటి స్పెషాలిటీకి వెళ్లాలన్నా, ప్రొఫెసర్ కావాలన్నా, పరిశోధన బలంగా ఉన్న స్కూలు, అక్కడి పెద్ద ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు ఉపయోగపడతాయి. మీరు ఉత్తరంలో స్పెషాలిటీ ఊసే ఎత్తలేదు. జనరల్ డెంటిస్టుగా ఫ్రిస్కో చుట్టుపక్కలే ప్రాక్టీసు చేస్తారనుకుని చెబుతున్నాను. మనసులో ఆర్థో ఉంటే మాత్రం లెక్క మళ్లీ వేయాలి.

ఇక డబ్బు. మీ 80,000 పోగా ఒకదానికి 3,10,000, ఇంకోదానికి 1,50,000 డాలర్ల లోను. తొమ్మిది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే మొదటిదానికి నెలకు దాదాపు 3,900, రెండోదానికి 1,900 డాలర్లు కట్టాలి. చదువుకునేటప్పుడు పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. రెండేళ్ల కోర్సయితే మూడో సంవత్సరం మీరు ఫీజు కట్టే బదులు జీతం తెచ్చుకుంటారన్న సంగతి కూడా కలపలేదు. నెలకు 2,000 డాలర్ల తేడా పదేళ్లపాటు ఉంటే, రేపు సొంత క్లినిక్ పెట్టుకోవడానికి బ్యాంకు ముందు కూర్చున్నప్పుడు అది మీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

లోను ఎవరిస్తారన్నది ఇంకో చిక్కు. హెచ్-4 వాళ్లకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లోను రాదు. ప్రైవేటు సంస్థలు సాధారణంగా సిటిజెన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గానీ కో-సైన్ చేయాలంటాయి. మీ వాళ్లలో ఎవరినైనా అడిగేటప్పుడు "ఊరికే ఒక సంతకం" అనకండి. మీరు కట్టకపోతే వాళ్లు కట్టాలి, వాళ్లు ఇల్లు కొనబోతే ఈ అప్పు వాళ్ల క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. బాబాయికి 1,50,000కు సంతకం పెట్టమనడం వేరు, అంతకు రెట్టింపుకు పెట్టమనడం వేరు. నాన్నగారు హన్మకొండ ఇల్లు తాకట్టు పెడతానంటే, చిన్న మొత్తానికైతే ఆలోచించండి, పేరు కోసం మాత్రం వద్దు.

(గ్రీన్‌కార్డు ఉన్న పాఠకులకు ఒక మాట: 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను లేదు. డెంటల్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్ల దగ్గర ఆగిపోతుంది.)

ఇప్పుడు ఫోన్ల సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. డెంటల్ స్కూల్లో మీరు కొనేది బిల్డింగునో సిమ్యులేషన్ ల్యాబునో కాదు, చైర్‌లో పేషెంటు ఉన్న గంటల్ని. మన కాలేజీల ఓపీలో మీరు పళ్లు తీయడం బాగానే నేర్చుకుని ఉంటారు. ఇక్కడ మీకు కావలసింది వేరే: క్రౌన్లు, బ్రిడ్జీలు, మోలార్ రూట్ కెనాళ్లు, ఇంప్లాంట్ మీద పన్ను కట్టడం, మొత్తం నోటికి ట్రీట్‌మెంట్ ప్లాన్ వేసి, అది పేషెంటుకు అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో చెప్పి ఒప్పించడం. పెద్ద పేరున్న స్కూళ్లలో స్పెషాలిటీ రెసిడెంట్లు (డిగ్రీ అయ్యాక స్పెషాలిటీ శిక్షణలో ఉన్న డాక్టర్లు) ఎక్కువగా ఉంటారు. కష్టమైన మోలార్, ఆసక్తికరమైన సర్జరీ వాళ్ల దగ్గరికి పోతాయి, మీకు ఫిల్లింగులు మిగులుతాయి. రెసిడెంట్లు తక్కువగా ఉన్న స్కూళ్లలో అవే కేసులు మీ చేతికి వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని చిన్న ఊరి స్కూలు ఎప్పుడూ మంచిదనీ కాదు, అక్కడ అసలు పేషెంట్లే సరిపోకపోవచ్చు. అందుకే అడిగి తెలుసుకోవాలి.

అడ్మిషన్స్ ఆఫీసు వాళ్లు కలిపించే విద్యార్థి ఎలాగూ నవ్వుతూ మంచే చెబుతాడు. మీరు సొంతంగా ఇద్దరిని వెతకండి, ఆఖరి ఏడాదిలో ఉన్న అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ వాళ్లయితే మేలు. మనవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరైనా ఉంటారు. "స్కూలు ఎలా ఉంది" అని అడగొద్దు. "నిన్న మధ్యాహ్నం మీ చైర్‌లో పేషెంటు ఉన్నారా?" అని అడగండి. పేషెంట్లను స్కూలే ఇస్తుందా, మీరే వెతుక్కోవాలా? ఫ్యాకల్టీ వచ్చి స్టెప్ చూసి సంతకం పెట్టడానికి ఎంతసేపు ఆగాలి? మీ పై బ్యాచ్‌లో అనుకున్న తేదీకి బయటపడనివాళ్లు ఎంతమంది, ఏది పూర్తికాక ఆగిపోయారు? ఈ చివరి ప్రశ్నకు అవతలి మనిషి కాస్త తడబడితే జాగ్రత్తపడండి. నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి తక్కువ ఫీజు చూసి ఒక స్కూల్లో చేరింది. డెంచర్ కేసులు దొరక్క ఒక సెమిస్టర్ అదనంగా ఉండిపోయింది. తక్కువ ఫీజుతో మిగిలిందనుకున్నది ఆ సెమిస్టర్‌కే పోయింది. మీ రెండేళ్ల స్కూల్లో కూడా అలాంటి కథలే వినిపిస్తే నా సలహా వెనక్కి తీసుకుంటాను.

వీసా విషయంలో మీకు ఒక మంచి అవకాశం ఉంది. హెచ్-4 మీదే ఫుల్ టైమ్ చదవొచ్చు, ఎఫ్-1కు (స్టూడెంట్ వీసాకు) మారనక్కర్లేదు. ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి హెచ్-4 ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) తీసుకుంటే డిగ్రీ, లైసెన్సు చేతికి రాగానే స్పాన్సర్ లేకుండా ఉద్యోగం చేయవచ్చు. ఎఫ్-1 మీద చదివినవాళ్లకు ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) ఒక్క ఏడాదే. డెంటిస్ట్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు కనుక పొడిగింపు రాదు. అయితే 2025 అక్టోబర్ 30 నుంచి వేసే ఈఏడీ రెన్యువల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు, కాబట్టి గడువుకు ఆరు నెలల ముందే అప్లై చేయండి. ఇంకో జాగ్రత్త. మీ హెచ్-4 మీ వారి ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. మధ్యలో లేఆఫ్ అయితే ఎఫ్-1కు మారాల్సి రావచ్చు. అవసరమైతే ఐ-20 (స్టూడెంట్ వీసాకు స్కూలిచ్చే పత్రం) ఇస్తారా అని రెండు స్కూళ్లనూ ఇప్పుడే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

లైసెన్సు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లైసెన్సుకు కావలసిన క్లినికల్ పరీక్షగా ఏడెక్స్ అనేదాన్ని చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, టెక్సస్ కూడా. తూర్పు తీరం నచ్చి న్యూయార్క్‌లో ఉండిపోవాలనిపిస్తే మాత్రం, అక్కడ 2007 నుంచి క్లినికల్ పరీక్ష బదులు ఏడాది రెసిడెన్సీ (డిగ్రీ తర్వాతి శిక్షణ) తప్పనిసరి.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకైతే అదే పెద్ద విషయంగా కనిపించింది. మీ అమ్మగారు విజిటర్ వీసా మీద వస్తే సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలలను మొదటి వేసవికి, క్లినిక్ మొదలయ్యే కాలానికి వాడుకోండి, కష్టమంతా అప్పుడే. ఐదేళ్లు నిండితే పబ్లిక్ స్కూల్లో కిండర్‌గార్టెన్‌కు ఫీజు ఉండదు కాబట్టి డేకేర్ ఖర్చు ఒక ఏడాదిదే. పాప మీతో వస్తుందా, నాన్నతో ఫ్రిస్కోలో ఉంటుందా అన్నది మీ ఇంటి నిర్ణయం, నేను చెప్పలేను. రెండేళ్ల దూరమా మూడేళ్ల దూరమా అన్నది మాత్రం మీ వారితో కూర్చుని మాట్లాడండి.

ఈ వారంలోనే ఫోన్లు పూర్తిచేయండి. ఆలోచించుకోవడానికి టైము కావాలని రెండు చోట్లా డిపాజిట్ కట్టేవాళ్లుంటారు, ఆ డబ్బు తిరిగి రాదు. కట్టే ముందు ఇన్‌స్ట్రుమెంట్ కిట్ ఫీజులో కలిసే ఉందా, రెండో ఏడాది ఫీజు పెరుగుతుందా అని మెయిల్‌లో రాయించుకోండి. ఒకచోట చేరగానే రెండోచోటికి అదే రోజు రెండు వాక్యాల్లో రాలేనని మెయిల్ పెట్టండి. ఆ వెయిటింగ్ లిస్టులో మీలాగే మూడేళ్లుగా చూస్తున్న ఇంకో డాక్టర్ ఉంటారు.