ఇంట్లో చేసిన పాటకు యజమాని ఎవరు?

ప్రశ్న: నాలుగేళ్లుగా మా ఇంటి వెనక గదిలో గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఒక మైకు, లాప్‌టాప్ సాయంతో నా పాటలు నేనే రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్నాను. బాణీలు, గొంతు నావి. సాహిత్యం నా మిత్రుడిది. ఇప్పుడొక ఆడియో కంపెనీ వారు ఐదు పాటలకు లక్ష రూపాయలు ఇస్తామంటూ, ‘సకల హక్కులు శాశ్వతంగా’ అని రాసి ఉన్న ఒప్పంద పత్రం పంపారు. సంతకం పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ పత్రం మీద ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. (మీ ఊరి ఎండల్లో ఫ్యాను ఆపుకొని పాడిన పాటలను అంత తేలిగ్గా వదులుకోమని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.) మీ ఒక్కో పాటలోనూ మూడు వేర్వేరు ఆస్తులున్నాయి: బాణీ మీది, సాహిత్యం మీ మిత్రుడిది, రికార్డింగు మళ్లీ మీది. రికార్డింగు చేయడానికి పూనుకొని దాని బాధ్యత వహించినవారినే 1957 నాటి కాపీరైట్ చట్టం నిర్మాతగా గుర్తిస్తుంది కనుక, మీ వెనక గదిలో ఆ నిర్మాత మీరే. పాట విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లపాటు ఆ రికార్డింగుపై హక్కు ఉంటుంది. కంపెనీ లక్ష రూపాయలకు అడుగుతున్నది ముఖ్యంగా దీన్నే.

బాణీ, సాహిత్యాల సంగతి వేరు. 2012లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, పాట వినియోగంపై వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును స్వరకర్త గానీ గేయరచయిత గానీ తమ వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప మరొకరికి రాసి ఇవ్వడం కుదరదు. ఇచ్చినట్టు ఒప్పందంలో రాసుకున్నా అది చెల్లదు. అయితే ఆ సొమ్ము దానంతటదే ఇంటికి రాదు. మీరిద్దరూ అలాంటి సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి, పాటలను నమోదు చేయించుకోవాలి.

ఇక ‘శాశ్వతంగా’ అన్న మాట. గడువు రాయని ఒప్పందానికి 5 ఏళ్లనీ, ప్రాంతం రాయనిదానికి భారతదేశమనీ చట్టమే హద్దు పెడుతుంది. అందుకే కంపెనీలు ఆ రెండు ఖాళీలనూ పెద్ద పెద్ద మాటలతో నింపుతాయి. మీరు హక్కుల బదిలీకి బదులుగా 5 లేదా 7 ఏళ్ల లైసెన్సు, అంటే హక్కు మీ దగ్గరే ఉంచుకొని వాడుకునే అనుమతి మాత్రం, ఇస్తామనండి. లక్ష రూపాయలు రాయల్టీలో మినహాయించుకునే అడ్వాన్సా, పూర్తి చెల్లింపా అన్నది, వీడియో ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందన్నది పత్రంలో స్పష్టంగా రాయించండి.

బేరమాడే స్థితిలో ఉన్నానా అని సందేహించకండి. 2015లో లాస్ ఏంజిలిస్‌లోని తమ ఇంటి పడకగదిలో ఫినియస్ అనే కుర్రవాడు రికార్డు చేసి, పాటలు వినిపించే వెబ్‌సైటు సౌండ్‌క్లౌడ్‌లో పెట్టిన చెల్లెలు బిల్లీ ఐలిష్ పాటను, మరుసటి ఏడాది డార్క్‌రూమ్, ఇంటర్‌స్కోప్ ఆడియో సంస్థలు విడుదల చేశాయి. ఆడియో కంపెనీ దొరికాక కూడా ఆ అన్నాచెల్లెళ్లు గది వదలలేదు. 2020లో బిల్లీ ఐలిష్‌కు ఐదు గ్రామీ సంగీత పురస్కారాలు తెచ్చిన ఆల్బమ్ ఎక్కువగా ఆ పడకగదిలోనే తయారైంది. రికార్డింగు ఖర్చు మీరే భరించి, వినేవారిని మీరే కూడగట్టుకున్నారు. ఆ రెండింటికీ కంపెనీ వెల కట్టాల్సిందే.

కంపెనీకి జవాబు రాసే ముందు, సాహిత్యంపై హక్కులు, వాటాల గురించి మీ మిత్రుడితో ఒక కాగితం రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయండి. నోటిమాటగా జరిగిన హక్కుల బదిలీ చట్టం ముందు నిలవదు.