తోకకు నెత్తురు మరక

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా జెర్సీ క్రాసు ఆవు రెండో ఈత ఈని 75 రోజులైంది. పూటకు 6 లీటర్లు ఇస్తోంది. వరిగడ్డి, తవుడే మేత. ఇంతవరకు ఎద కనబడలేదు. మొన్న తోకకు కాస్త నెత్తురు అంటింది, లోపల పుండేమోనని భయం. ఎద ఇంజక్షను పొడిపించేయమని పక్కింటాయన అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు, కోనసీమ

జవాబు: ఆగండమ్మా, ఇంజక్షను సంగతి తర్వాత. మీ ఉత్తరంలో పనికొచ్చే కబురు ఆ మరకే. చెడు వాసన లేకుండా, పల్చటి జిగురు తీగతో కొద్దిగా వచ్చిందంటే పుండు కాదు. ఒకటి రెండు రోజుల ముందే ఎద వచ్చి వెళ్లిపోయిందన్నమాట. ఆ తేదీ క్యాలెండరులో రాసుకోండి. అక్కణ్ణుంచి 16వ రోజు మొదలు కనిపెట్టి ఉండండి, 19 అటూ ఇటూగా మళ్లీ వస్తుంది. పత్రిక మీకు అందేసరికి అదీ దాటిపోతే 21 కలుపుకోండి.

ఈనాక మొదటిసారి అండం విడుదలైనప్పుడు చాలా ఆవులు పైకి ఏమీ తెలియనివ్వవు. దాన్ని మూగ ఎద అంటాం. ముందు కొన్నాళ్లు ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోను ఉంటేగాని లక్షణాలు బయటపడవు. పైగా ఎదకొచ్చిన ఆవు తోటి పశువుల మీద ఎక్కుతుంది, తోటలో ఒంటరిగా కట్టేసింది దేనిమీద ఎక్కుతుంది చెప్పండి? ఎద ఉండేదే 12 నుంచి 18 గంటలు. తెల్లవారుజామున పాలు పిండేముందు అది పడుకున్నచోట లైటేసి చూడండి, గాజులాంటి తీగ జారి ఉంటుంది. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలవండి.

మీ మేతే నాకు నచ్చలేదు. ఈనిన కొత్తలో ఆవు తన కొవ్వు కరిగించుకుని పాలిస్తుంది. ఆ లోటు ఎక్కువైతే మెదడు నుంచి ఎల్‌హెచ్ హార్మోను చాలినంత రాదు, అండం విడుదల కాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ, తవుడులో భాస్వరం ఉన్నా కాల్షియం బాగా తక్కువ. కొబ్బరిచెట్ల మధ్య సూపర్ నేపియర్ గడ్డి నాటండి, కోతలయ్యాక చేలో పచ్చిమేతకు పిల్లిపెసర చల్లండి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి.

మీ పక్కింటాయన చెప్పేది ప్రోస్టాగ్లాండిన్ అయితే, ఎద అయిన 5 రోజుల లోపు పొడిస్తే డబ్బు దండగ. అండం విడుదలైన చోట అండాశయం మీద ఏర్పడే కార్పస్ లూటియం అనే గడ్డ ముదిరితేనే అది పనిచేస్తుంది. వచ్చే ఎద కూడా తప్పితే పశువైద్యుడితో చెయ్యి పెట్టించి చూపించండి. చీములాంటిది కారితే మాత్రం అందాకా ఆగొద్దు.