అమ్మమ్మ అష్రఫీని డల్లాస్ పంపొచ్చా?

సందేహం: మాది హనుమకొండ. మా అమ్మ నిరుడు చనిపోయింది. నాన్న అంతకుముందే పోయారు. అమ్మ బీరువాలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం బంగారు నాణెం అష్రఫీ ఒకటి, 1931 నాటి ఇంగ్లిష్ బంగారు నాణెం సవరను ఒకటి ఉన్నాయి. రెండూ అమ్మమ్మ ఇచ్చినవే. ఏటా శ్రావణ శుక్రవారం పూజలో పెట్టేవాళ్లం. ‘ఇవి నీకేనే’ అని అమ్మ నాతో చాలాసార్లు అంది. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య, అక్కడ గ్రేడింగ్ చేయిస్తే అష్రఫీకి మంచి ధర పలుకుతుంది, దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్తా అంటున్నాడు. తమ్ముడేమో ఇద్దరు కంసాలులను అడిగి, తూకం లెక్కన అమ్మేసి మూడు వాటాలు వేసుకుందాం అంటున్నాడు. ఉర్దూ చదివే పక్కింటాయన అష్రఫీ మీద 1337 అని ఉందన్నారు. ఎవరి మాట వినాలి? – ఒక సోదరి

జవాబు: అన్నయ్య మాట అసలే వినకండి. తమ్ముడి మాట సగం వినండి.

ముందు ఆ 1337 సంగతి. అది హిజ్రీ సంవత్సరం. మన లెక్కలో 1918-19. అంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాణెం. నూరేళ్లు దాటిపోయింది. మీ పక్కింటాయన చదివి చెప్పిన ఆ నాలుగు అంకెల మీదే మీ కేసంతా ఆధారపడి ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని నాణెం ఏదైనా పురావస్తువే. గుడిలో విగ్రహాలకే ఆ చట్టమని చాలామంది అనుకుంటారు. బీరువాలో ఉన్న అష్రఫీకీ అదే వర్తిస్తుంది.

అదే చట్టం 3వ సెక్షన్ ప్రకారం పురావస్తువును దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికో, అది అధికారమిచ్చిన సంస్థకో తప్ప ఎవరికీ లేదు. ‘అమ్మడానికి కాదు కదా, గ్రేడింగ్ చేయించి మళ్లీ తెస్తాను’ అని అన్నయ్య అనొచ్చు. ఆ వాదన నిలవదు. ఎగుమతి అంటే దేశం బయటికి తీసుకెళ్లడం అనే చట్టం చెప్పింది. అమ్మడానికా, చూపించడానికా అని అడగలేదు. పట్టుబడితే నాణెం జప్తు కావచ్చు. 25వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. అమెరికాలో ఉద్యోగం చేసుకునే మనిషికి శంషాబాద్ కస్టమ్స్‌లో ఇలాంటి కేసు పడితే ఎన్ని చిక్కులో ఆయనకే బాగా తెలుసు. కొరియర్‌లో పంపినా ఇదే వర్తిస్తుంది.

అలాగని భయపడి దాచుకోవాల్సిన పని లేదు. మీ ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. ప్రతి పురావస్తువునూ రిజిస్టర్ చేయించాలనే నియమం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని కేంద్రం నోటిఫై చేసిన రకాల్లో శిల్పాలు, వర్ణచిత్రాల వంటివి ఉన్నాయి కానీ నాణేలు లేవు. దేశం లోపల అమ్ముకోవచ్చు కూడా. పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు కావాలి గానీ, ఇంటి నాణెం ఒక్కసారి అమ్ముకునే మీకు అక్కర్లేదు. కొనే వ్యాపారినో, వేలం వేసే సంస్థనో మాత్రం లైసెన్సు నంబరు అడిగి, బిల్లు మీద వేయించుకోండి.

ఇక గ్రేడింగ్. అమెరికాలో ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు నాణెం ఏ స్థితిలో ఉందో చూసి, 1 నుంచి 70 దాకా ఒక అంకె ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి ఇస్తాయి. అన్నయ్య చెబుతున్నది ఆ డబ్బీ గురించే. అయితే ఎవరైనా తోమిన నాణేనికి, కొక్కెం అతికించి మెడలో వేసుకున్న నాణేనికి మామూలుగా ఆ అంకె రాదు, ‘డిటెయిల్స్’ అని రాసి ఊరుకుంటారు. కాబట్టి మిమ్మల్నే ఒక మాట అడుగుతాను. శ్రావణ శుక్రవారం పూజకు ముందు మీ ఇంట్లో దాన్ని చింతపండు పెట్టి తోమేవారా? కిటికీ దగ్గర పగటి వెలుతురులో నాణేన్ని అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచి చూడండి. మినార్ల చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో ఒకే వైపుకి సాగే సన్న గీతలు కనిపిస్తే తోమినట్టే. ఆ తర్వాత అంచు మొత్తం తిప్పి చూడండి. ఒకచోట చిన్న ఉబ్బు గానీ, రంగు తేడా ఉన్న మచ్చ గానీ ఉంటే ఎప్పుడో కొక్కెం ఉండి ఊడదీశారన్నమాట. మన ఇళ్లలో కాసులపేరులోకి ఎక్కి దిగిన నాణేలు కోకొల్లలు. అలాంటి గుర్తులుంటే డల్లాస్ డబ్బీ వల్ల పెద్ద లాభం ఉండేది కాదని అన్నయ్యకి చెప్పండి, మనసు కుదుటపడుతుంది.

గుర్తులేవీ లేకపోతే మాత్రం ఇప్పుడు కొత్తగా తోమడం మొదలుపెట్టకండి. చార్మినార్ ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం, ఉస్మాన్ పేరులోని ‘ఐన్’, ఉంటుంది. దాని చుట్టూ కుంకుమ పట్టి ఉన్నా సరే, గోటితో గీకొద్దు. కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించవద్దు. ఆ ఒక్క గీత తూకం ధరకి ఏమీ చేయదు, నాణెం ధరను మాత్రం తగ్గిస్తుంది. బంగారం స్వచ్ఛత తెలుసుకోవాలంటే పెద్ద నగల షాపుల్లో క్యారెట్ మీటర్ మీద పెడతారు, నాణేనికి గీత పడదు. అష్రఫీ బరువు 11 గ్రాముల పైచిలుకు ఉండాలి, బంగారం దాదాపు 22 క్యారెట్లు. మీ తమ్ముడికి కంసాలులు చెప్పింది ఈ రెండింటినీ బంగారం ధరతో గుణించి, తరుగు తీసేసిన లెక్క. నాణేలు సేకరించేవాళ్లు అంతకంటే ఎక్కువ ఇవ్వడం మామూలే. ఎంత ఎక్కువ అనేది స్థితిని బట్టి. రెండు వైపులా, అంచూ ఫోటోలు తీసి, ముంబై, బెంగళూరు, అహ్మదాబాద్‌లలోని నాణేల వేలం సంస్థలు రెండు మూడింటికి పంపండి. వాళ్లు చెప్పే అంచనాలు పక్కపక్కన పెట్టుకుంటే విషయం తేలిపోతుంది.

ఫోటోలు ఫేస్‌బుక్ గుంపుల్లో మాత్రం పెట్టకండి. పెట్టిన మర్నాడే ‘రిజర్వ్ బ్యాంకు నుంచి’ ఫోన్ వస్తుంది, లక్షలిస్తాం, ముందు జీఎస్టీ కట్టండి అంటారు. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, ఏ రుసుమూ అడగమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ‘ఇవి నీకే’ అని అమ్మ అనడం వల్ల ఆ నాణేలు మీవి కాలేదు. నోటిమాట వీలునామా చెల్లదు. కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. అయితే చరాస్తిని బతికుండగా చేతికిచ్చేస్తే దానం పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమ్మ వాటిని మీ చేతిలో పెట్టి, మీరు మీ ఇంటికి తెచ్చుకుని ఉంటే కథ వేరు. మీ ఉత్తరం ప్రకారం అవి చివరిదాకా అమ్మ బీరువాలోనే ఉన్నాయి. కాబట్టి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ ముగ్గురికీ సమాన వాటాలు. అమ్మ బంగారం కూతురిదే అన్నది మన ఇళ్లలోని ఆనవాయితీ, చట్టంలో ఆ మాట లేదు. తమ్ముడి మాటలో మీరు వినాల్సిన సగం ఇదే.

అన్నదమ్ములు ఒప్పుకుంటే అమ్మ కోరిక తీర్చుకోవచ్చు. ముగ్గురూ కూర్చుని, ఏ నాణెం ఎవరికి, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చుకోవాలి అన్నది ఒక ఒప్పందం రాసుకోండి. నాణేల ఫోటోలు, గ్రాముల్లో బరువు అందులో చేర్చండి. చరాస్తే కాబట్టి రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. ఎవరో చెప్పారని సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టుకి వెళ్లకండి. అది చనిపోయినవారికి రావాల్సిన బాకీలు, బ్యాంకు డిపాజిట్లు, షేర్ల వంటి వాటికి, నాణేలకు కాదు. వేలం సంస్థ అడిగితే చూపడానికి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈ ఒప్పందం సరిపోతాయి. ఉమ్మడిగా అమ్మితే అన్నయ్య ఎన్నారై అన్న సంగతి సంస్థకి ముందే చెప్పండి, ఆయన వాటాలోంచి కొనేవాళ్లు ముందే పన్ను (టీడీఎస్) పట్టుకోవాల్సి ఉంటుంది.

పన్ను విషయం. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. అమ్మినప్పుడు లాభం మీద ఉంది. ‘పూజలో పెట్టుకున్నవి, సొంత వాడకం వస్తువులు, పన్ను పడదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా ఈ వాదనే ధోల్‌పూర్ మహారాజు రాణా హేమంత్ సింగ్‌జీ చేశారు. లక్ష్మీ పూజలో పెట్టే బంగారు సవరన్లు, వెండి నాణేలు సొంత వాడకం కిందికి రావని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మమ్మ, అమ్మ దగ్గర ఉన్న కాలం కూడా మీ లెక్కలో కలుస్తుంది కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. ప్రస్తుతం 12.5 శాతం, పైన సెస్. కొన్న ధర తెలియదు కదా అని బెంగ వద్దు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యూయర్ (విలువ కట్టే గుర్తింపు ఉన్న నిపుణుడు) దగ్గర ఆ నాటి విలువకు ఒక నివేదిక తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఆ మొత్తమంత జరిమానా, అది కూడా పుచ్చుకున్నవారికే.

సవరను గురించి రెండు మాటలు చాలు. అయిదో జార్జి బొమ్మ ఉన్న 1931 సవరన్లు మార్కెట్‌లో దండిగా దొరుకుతాయి. 8 గ్రాములకు కొంచెం తక్కువ, 22 క్యారెట్లు. మీవైపు బంగారాన్ని తులాల్లో లెక్కపెట్టినట్టే ఆంధ్ర జిల్లాల్లో కాసుల్లో లెక్కపెడతారు, అక్కడ కాసు అంటే 8 గ్రాములు. దానికి గ్రేడింగ్ ఖర్చు దండగ. 2031 దాకా అది పురావస్తువు కూడా కాదు. అన్నయ్యకి అమ్మ గుర్తుగా ఏదో ఒకటి కావాలంటే దాన్నివ్వండి, కస్టమ్స్ నియమాలు ముందే కనుక్కుని తీసుకెళ్లమనండి.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది. అమ్మమ్మకి ఆ అష్రఫీ ఎలా వచ్చింది? పాత ఇల్లు పడగొట్టినప్పుడు గోడలోనో, పునాదిలోనో దొరికినదైతే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (గుప్తనిధుల) చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకి తెలియజేయాలి. పెళ్లికి పెట్టినదో, కొన్నదో అయితే ఆ గొడవ లేదు. ఆ సంగతి తెలిసిన పెద్దమ్మో, మేనమామో ఉంటే వాళ్లతో ఇప్పుడే ఒక అఫిడవిట్ రాయించుకోండి. పూజ పీట మీద ఆ నాణెం కనిపించే పాత ఫోటో ఏదైనా ఆల్బంలో దొరికితే దానికి జతచేయండి.