ఇంత చదివించి ముసలివాళ్ల సేవకు పంపాలా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. కమ్యూనిటీ పోస్టింగ్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి, ఇళ్లలో మంచాన పడ్డ పెద్దవాళ్ల కోసమే పనిచేస్తానంటోంది. జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లమంటే వినడం లేదు. ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే ఆయా పని చేస్తుందా అని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఇందులో భవిష్యత్తు ఉందంటారా?

జవాబు: ఉందండీ. అయితే ఎక్కడ మొదలుపెడుతుందన్నది చాలా ముఖ్యం. వాళ్లమ్మగారి బెంగ కూడా ఊరికే వచ్చింది కాదు. ఇంటికి అటెండెంట్లను పంపే ఏజెన్సీలు నర్సింగ్ చదివిన పిల్లనీ, పది తప్పిన పిల్లనీ ఒకే గాటన కట్టి, పన్నెండు గంటల డ్యూటీ వేసి, జీతంలో కమీషన్ పట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. మీ అమ్మాయి అక్కడ చేరకూడదు.

ముందు ఆ పని ఏమిటో చూడండి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారనుకుందాం. నర్సు వెళ్లగానే ఆయన్ని పక్కకి తిప్పి నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూస్తుంది. ఎర్రబడితే అది పుండు కాకముందే, రెండు గంటలకోసారి ఎలా తిప్పాలో కోడలి చేత చేయించి మరీ నేర్పుతుంది. మందుల డబ్బా కింద బోర్లిస్తే, ఇద్దరు డాక్టర్లు రాసిన ఒకే బీపీ మాత్ర రెండు వేర్వేరు పేర్లతో దొరుకుతుంది. అది వెంటనే డాక్టరుకు చెప్పాలి. ముక్కులోంచి వేసిన గొట్టం, యూరిన్ పైపు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా? రాత్రిళ్లు ఆ కోడలు కాస్తయినా నిద్రపోతోందా? ఇవన్నీ అరగంటలో గమనించి, ఏది ముందో తేల్చగలగాలి. దీన్ని ఆయా పని అనడం అన్యాయం. వార్డులోనైతే పక్కనే డాక్టరు ఉంటాడు. ఇక్కడ నిర్ణయం ఆమెదే.

ఈ పనికి ఊరంతా కలిసి వస్తే ఎలా ఉంటుందో కేరళ చూపించింది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వంటివారు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) వాలంటీర్ల సాయంతో ఊళ్లకు పాకింది. 2008లో ఆ రాష్ట్రం దానికోసం ఒక విధానమే తెచ్చింది. ఇప్పుడు అక్కడ పంచాయతీలే నర్సులను పెట్టుకుని మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పంపుతున్నాయి. మన దగ్గర అంత దూరం రాలేదు. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ బృందాలు ఉన్నాయి. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం పీహెచ్‌సీలో వారానికో వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలి. 2024 నుంచి డెబ్భై నిండిన వారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల కవరేజీ వచ్చింది. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంటికొచ్చాక నెలల తరబడి చేయాల్సిన సేవకు అందులో చోటు లేదు. ఆ ఖాళీని పూడ్చే మనుషులు మనకు చాలా తక్కువ. అందుకే మీ అమ్మాయి లాంటి పిల్లలు ముందుకొస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

నా సలహా ఇదీ. పాసయ్యాక రెండేళ్లు పెద్దాసుపత్రిలో, వీలైతే జనరల్ మెడిసిన్ లేదా న్యూరో వార్డులో చేయనివ్వండి. ఇంట్లో ఒక్కతే నిర్ణయం తీసుకునే ధైర్యం అక్కడే వస్తుంది. ఆ తర్వాత పాలియేటివ్ నర్సింగ్‌లో ఆరు వారాల కోర్సు చేయొచ్చు. తిరువనంతపురంలోని పాలియం ఇండియా ఇలాంటి శిక్షణకు పేరున్న సంస్థ. పైకి ఎదగాలంటే కమ్యూనిటీ హెల్త్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంది. ప్రభుత్వం వైపు ఎంఎల్‌హెచ్‌పీ (ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులు ఉన్నాయి. అవి ఎక్కువగా కాంట్రాక్టువే, మొదట్లో జీతం విదేశాలతో పోలిస్తే తక్కువే. ఈ సంగతి ముందే తెలిసి దిగాలి.

ప్రైవేటు హోమ్ కేర్‌లో చేరితే నియామక పత్రం, పీఎఫ్ ఉన్నాయా, రాత్రి పూట రవాణా ఎవరిది అని అడగాలి. ఇంట్లో ఇబ్బంది ఎదురైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తేల్చుకోవాలి. జవాబు చెప్పడానికి వాళ్లు నీళ్లు నమిలితే చేరకపోవడమే మంచిది.

ఇక జర్మనీ మాట. అక్కడ 1995 నుంచి దీర్ఘకాల సంరక్షణకు విడిగా బీమా ఉంది, జపాన్‌లో 2000 నుంచి ఉంది. జర్మనీ మన నర్సుల్ని పిలుస్తున్నది ఆసుపత్రుల కోసమే కాదు, పెద్దవాళ్లను చూసుకోవడానికి కూడా! ఇక్కడ చేసిన అనుభవం రేపు మనసు మారితే అక్కడా పనికొస్తుంది. కాబట్టి ఇప్పుడే ఏదో ఒకటి తేల్చేయమని అమ్మాయిని పట్టుబట్టకండి. సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంటానంటే నేర్చుకోనివ్వండి, వద్దంటే వదిలేయండి.

ఈలోగా ఒక పని చేయండి. మీ పీహెచ్‌సీ డాక్టరుగారిని అడిగి, మీ ఊళ్లో మంచాన ఉన్నవాళ్లను చూడటానికి ఏఎన్‌ఎం వెళ్లే రోజున అమ్మాయిని తోడు పంపండి. ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్లమ్మగారిని కూడా వెళ్లమనండి. వెళ్లొచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.